కాంటన్ తెలుగు కుటుంబాల సంఘం: ఉగాది నుంచి ఉగాది వరకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పండుగల సంగతి మొదట క్లుప్తంగా చెబుతాను. ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. వంటలు ఇళ్ల నుంచే వచ్చాయి, హాలు మనమే ఊడ్చి అప్పగించాం. బొమ్మల కొలువును ఈసారి హైస్కూలు పిల్లలే పేర్చారు. ఆదివారం తెలుగు బడి వేసవి సెలవుల్లో తప్ప ఆగలేదు. వేసవిలో వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పిల్లలకు పద్యాలు నేర్పారు. ఇందుకు సంఘం వారికి ఎంతో రుణపడి ఉంది.

ఇక ఈ ఏడాది మనం ఎక్కువ సమయం పెట్టిన పని గురించి. కార్యవర్గం మొదటి సమావేశంలోనే ఒక నిర్ణయం తీసుకుంది: అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మనం ఉంటున్న ఈ కాంటన్ ఊరి చరిత్ర, పాలన, జనాభా గురించి సభ్యులకు తెలుగులో చెప్పాలి. గుంటూరు మేయరు ఎవరో, వరంగల్‌లో ఏ పార్టీ గెలిచిందో మనలో చాలామంది తడుముకోకుండా చెబుతారు. వాషింగ్టన్ వార్తలు గంటగంటకూ చూస్తాం. కానీ మన పంచాయతీ లాంటి కాంటన్ టౌన్‌షిప్‌కు పెద్ద అయిన సూపర్‌వైజర్ ఎవరు, మన ఇంటి పన్ను ఎవరి చేతికి వెళుతోంది అని అడిగితే గదిలో మాట వినిపించదు. ఇల్లు కొని, పిల్లలను ఇక్కడి బడిలో చేర్చి, ఇక్కడే పెద్దవాళ్లమవుతున్న మనకు ఇది తగదని నా గట్టి అభిప్రాయం.

ఆరు మైళ్ల చదరం

ఇందుకు సభ్యుల కోసం పెట్టిన తరగతుల్లో మొదటిది పటంతో మొదలైంది. అమెరికా కాంగ్రెస్ 1785లో చేసిన భూమి చట్టం కొత్త ప్రాంతాలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరాలుగా కొలవమంది. ఒక్కో చదరంలో 36 సెక్షన్లు, సెక్షన్‌కు 640 ఎకరాలు. వాటిలో 16వ సెక్షన్‌ను బడి ఖర్చు కోసం కేటాయించారు. గ్రామం పుట్టక ముందే బడికి భూమి పక్కన పెట్టిన ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

మిషిగన్‌లో ఈ కొలతకు ఆధారమైన అడ్డగీతే ఇప్పటి ఎయిట్ మైల్ రోడ్డు. ఆ గీతకు దక్షిణంగా రెండో వరుసలో, అలాగే ఆధారంగా గీసిన నిలువు గీతకు తూర్పుగా ఎనిమిదో వరుసలో ఉన్న చదరం మన కాంటన్. ఉత్తరపు హద్దు జాయ్ రోడ్డు. అక్కడి నుంచి కిందికి మైలుకొకటి చొప్పున వారెన్, ఫోర్డ్, చెర్రీ హిల్, పామర్ రోడ్లు వస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే దారి రెండు వందల ఏళ్ల కిందటి సర్వేయర్ల గొలుసు కొలత అని తెలిశాక పిల్లలు కారు మైళ్ల మీటరు చూస్తూ లెక్క సరిపోల్చడం మొదలుపెట్టారు.

కొలవక ముందు కూడా ఇక్కడ మనుషులున్నారు. ఒటావా, చిప్పెవా, వయాండాట్, పొటావటోమీ జాతులు 1807 డెట్రాయిట్ ఒప్పందంతో ఆగ్నేయ మిషిగన్ భూమిని వదులుకోవలసి వచ్చింది. వాళ్లు నడిచిన సాక్ బాటే తర్వాత షికాగో రోడ్డు అయింది. ఇప్పుడు మనం మిషిగన్ అవెన్యూ అంటున్నది దాన్నే. 1825లో ఈరీ కాలువ తెరుచుకున్నాక న్యూయార్క్ వైపు నుంచి రైతు కుటుంబాలు పడవల్లో డెట్రాయిట్ దాకా వచ్చి, ఈ బాట పట్టుకుని లోపలికి సాగాయి.

1834లో ప్లిమత్ టౌన్‌షిప్ దక్షిణ సగాన్ని విడదీసి కాంటన్‌ను ఏర్పాటు చేశారు. మిషిగన్ రాష్ట్రమైంది 1837లో, అంటే మన టౌన్‌షిప్ వయసులో రాష్ట్రం కంటే పెద్దది. పేరు చైనాలోని రేవు పట్టణానిది. ఆ రోజుల్లో ఇక్కడ నాన్‌కిన్, పెకిన్ అనే టౌన్‌షిప్‌లు కూడా ఉండేవి. పెకిన్ కొన్నేళ్లకే రెడ్‌ఫర్డ్‌గా మారింది, నాన్‌కిన్ ముక్కలై వెస్ట్‌లాండ్, గార్డెన్ సిటీ వంటి నగరాలైంది. చైనా పేరు నిలుపుకున్నది మన ఊరొక్కటే.

ఆ తర్వాత దాదాపు 140 ఏళ్లు ఇది మొక్కజొన్న, పాడి పశువుల పల్లె. మ్యూజియంగా మార్చిన పాత ఒంటిగది బడికి మన పిల్లలను తీసుకెళ్లాం. అన్ని తరగతులూ ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర చదివేవని విన్నప్పుడు మన పెద్దల్లో కొందరు తమ ఏకోపాధ్యాయ పాఠశాలల కబుర్లు చెప్పారు. ఆ మధ్యాహ్నం అనుకున్న దానికంటే చాలా పొడవైంది, ఎవరూ కదలలేదు.

పొలాలు ఇళ్లయిన కాలం

జనాభా లెక్కలు చూస్తే కథ ఒక్క పదేళ్లలో మలుపు తిరిగింది. 1970లో కాంటన్‌లో ఉన్నది 11,026 మంది. 1980కి 48,616. ఆ మధ్యలోనే ఐ-275 రహదారి వచ్చింది, డెట్రాయిట్ నుంచి కుటుంబాలు బయటికి కదిలాయి, పొలాలు ప్లాట్లయ్యాయి. 2000లో 76,366, 2010లో 90,173, 2020లో 98,659. మిషిగన్‌లోని 1,240 టౌన్‌షిప్‌లలో ఇంతకంటే ఎక్కువ జనం ఉన్నది క్లింటన్ టౌన్‌షిప్‌లో మాత్రమే. చివరి రెండు మూడు దశకాల పెరుగుదలలో మన కుటుంబాలూ ఉన్నాయి.

ఇప్పుడు నేపియర్ రోడ్డు దాటి పడమటికి వెళ్లండి. అది సుపీరియర్ టౌన్‌షిప్. దాదాపు అంతే చదరం, అదే మట్టి, అదే వాన. 2020లో అక్కడి జనాభా పదిహేను వేలలోపే. పొలాలు, అడవి ముక్కలు ఇంకా కనిపిస్తాయి. ఎక్కడ ఇళ్లు కట్టవచ్చు, ఎక్కడ పొలం పొలంగానే ఉండాలి అన్న జోనింగ్ నిర్ణయాలు టౌన్‌షిప్ బోర్డు చేతిలో ఉంటాయి. మురుగునీటి గొట్టం ఏ రోడ్డు దాకా వెయ్యాలన్నది మామూలు మంగళవారం సాయంత్రం ఎవరో చెయ్యెత్తి తేల్చే విషయంలా కనబడుతుంది. యాభై ఏళ్లకు అదే ఊరి రూపమవుతుంది. అక్టోబరులో మనవాళ్లు కొందరు ఆ పడమటి రోడ్ల వెంట నడిచి వచ్చారు. చెర్రీ హిల్ మూలన, 1940లలో హెన్రీ ఫోర్డ్ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం చిన్న ఫ్యాక్టరీ పెట్టిన చోట కాసేపు ఆగారు.

ఎవరు పాలిస్తారు

మన పంచాయతీలతో పోల్చి చెప్పినప్పుడే ఇది అందరికీ పట్టుబడింది. మన ఊళ్లలో సర్పంచును జనం ఎన్నుకుంటారు, పంచాయతీ కార్యదర్శిని ప్రభుత్వం నియమిస్తుంది. ఇక్కడ సూపర్‌వైజర్, క్లర్క్, ట్రెజరర్ ముగ్గురినీ జనమే ఎన్నుకుంటారు. వాళ్లకు తోడు మరో నలుగురు ట్రస్టీలు. మొత్తం ఏడుగురి బోర్డు. కాంటన్ 1947 చట్టం కింద చార్టర్ టౌన్‌షిప్ (అదనపు అధికారాలున్న టౌన్‌షిప్) కాబట్టి పక్క నగరాలు మన భూమిని సులువుగా కలుపుకోలేవు. పోలీసు, అగ్నిమాపక దళం టౌన్‌షిప్‌వే.

ఎన్నిక అధ్యక్ష ఎన్నికతో పాటు నాలుగేళ్లకొకసారి నవంబరులో జరుగుతుంది. పార్టీ అభ్యర్థులను ఆగస్టు ప్రైమరీలోనే ఎంచుతారు. ఒక పార్టీకి మొగ్గున్న చోట అసలు పోటీ ఆగస్టులోనే ముగుస్తుంది. పౌరసత్వం ఉన్న సభ్యులు నవంబరులో పొడవాటి క్యూలో నిలబడి, ఆగస్టును వదిలేస్తున్నారు. ఇది మారాలి.

వీసా మీద ఉన్నవారికి ఓటు లేదు. కానీ నోరు ఉంది. 1976లో చేసిన మిషిగన్ బహిరంగ సమావేశాల చట్టం బోర్డు సమావేశంలో మాట్లాడే హక్కు ఇస్తోంది. పౌరసత్వం అడగరు. ఈ ఏడాది మన సభ్యులు కొందరు వంతులవారీగా వెళ్లి కూర్చున్నారు. వీధి దీపాల గురించి మాట్లాడిన అక్కయ్య గొంతు మొదట వణికినా, తన మూడు నిమిషాలూ వాడుకున్నారు.

రోడ్డు గుంతల గురించి మాత్రం అక్కడ అడిగి లాభం లేదు. మిషిగన్‌లో 1931 చట్టంతో టౌన్‌షిప్ రోడ్లు మన జిల్లాల లాంటి కౌంటీలకు వెళ్లిపోయాయి. మన గుంతలు వేన్ కౌంటీ పని. ఒహాయోలో ఉన్న మన బంధువులకు ఇది వర్తించదు, అక్కడ టౌన్‌షిప్‌లకు సొంత రోడ్లున్నాయి.

ఇంటి పన్ను

అన్నిటికంటే ఎక్కువ మంది వచ్చిన తరగతి ఇదే. సారాంశం రాసి ఉంచుతున్నాను. బిల్లు వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి వస్తుంది. వసూలు చేసేది టౌన్‌షిప్ ట్రెజరరే అయినా అందులో ఎక్కువ భాగం బడులకు, కౌంటీకి, ఇతరులకు పోతుంది. మదింపు విలువ మార్కెట్ ధరలో సగం. 1994 సవరణ ప్రకారం పన్ను వేసే విలువ ఏటా ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి పెరగదు. అయితే ఇల్లు చేతులు మారిన మరుసటి సంవత్సరం ఆ పరిమితి ఎత్తేస్తారు. పాత యజమాని కట్టిన పన్ను చూసి నెలవారీ ఖర్చు లెక్క వేసుకున్న కొత్త కుటుంబాలు రెండో ఏడాది బిల్లు చూసి కంగారు పడటం మనం ఏటా చూస్తున్నాం. కొనేముందే లెక్క వేయండి. సొంత నివాసపు మినహాయింపు పత్రం వేసవి బిల్లుకైతే జూన్ 1 లోపు, చలికాలపు బిల్లుకైతే నవంబరు 1 లోపు ఇవ్వాలి. మదింపు ఎక్కువనిపిస్తే మార్చిలో రివ్యూ బోర్డు ముందు చెప్పుకోవచ్చు. ఈ మార్చిలో ఆ పత్రాలు నింపడానికి లెక్కలు తెలిసిన మన సభ్యులు సాయంత్రాలు ఇచ్చారు. వారికి సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాది

2030 జనగణనకు ఇప్పటి నుంచే సిద్ధం కావాలి. ఆ లెక్కలో పౌరులు, వీసా ఉన్నవారు, ఆ రోజు ఇక్కడే నివాసముంటున్న ప్రతి ఒక్కరూ చేరతారు. రాష్ట్ర అమ్మకపు పన్నులో కొంత భాగాన్ని తలలెక్కన టౌన్‌షిప్‌లకు పంచుతారు కాబట్టి, మన ఇంట్లో లెక్కకు రాని ఒక్కో మనిషికీ ఊరు నష్టపోతుంది. 2020లో తెలుగులో కూడా సూచనలు ఇచ్చారు. ఈసారి అలాంటివి వస్తే పెద్దవాళ్లకు చదివి వినిపించే బాధ్యత యువజన బృందం తీసుకుంది.

తెలుగు బడికి ఇద్దరు ఉపాధ్యాయులు కావాలి. బోర్డు సమావేశాలకు వెళ్లే వంతుల జాబితాలో వేసవి నెలలు ఖాళీగా ఉన్నాయి, పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. ఆదాయ వ్యయాల పట్టిక ఈ నివేదికతో జతచేశాం. కోశాధికారి సర్వసభ్య సమావేశంలో దాన్ని చదువుతారు, ప్రశ్నలు అక్కడే అడగవచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి