ఈ పండక్కి మీ ఇంట్లోనే కొలువు పెట్టండి

చి.ల.సౌ. బుజ్జమ్మకు,
అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా బాగున్నాం. అల్లుడుగారికి సెలవు దొరకలేదని, ఈ సంక్రాంతికి రాలేమని చెప్పావు. సరే, ఉద్యోగాలన్నాక తప్పదు. కానీ ఆ తర్వాత “సెలవులన్నాళ్ళూ పిల్లలిద్దరూ ఫ్లాట్‌లోనే ఉంటారు, వాళ్ళతో ఏం చేయించాలో తెలియక టెన్షన్‌గా ఉందమ్మా” అన్నావు చూడు, ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఫోన్లో చెబుదామంటే నీకు మధ్యలో ఇంకో ఫోనొస్తుంది, చెప్పింది సగం పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

క్రాఫ్ట్ కిట్ ఏదో ఆర్డర్ పెడదామనుకుంటున్నానన్నావు. నన్నడిగితే అక్కర్లేదంటాను. వాటిలో అన్నీ ముందే కోసి, చిల్లులు పెట్టి, ఏది ఎక్కడ అతికించాలో గీత గీసి మరీ ఇస్తారు. పిల్లలకు మిగిలేది అతికించడమే. పైగా పెట్టె మీద అందమైన బొమ్మ ఒకటి ఉంటుంది. తమ చేతికి వచ్చినదాన్ని దాని పక్కన పెట్టి చూసుకుని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. బదులుగా ఈసారి మీ ఇంట్లోనే బొమ్మల కొలువు పెట్టు. కొనుక్కొచ్చిన బొమ్మలు వద్దు. పిల్లలూ మీరిద్దరూ చేసినవే పెట్టండి. ధనుర్మాసం వచ్చేసింది కాబట్టి ఇప్పుడు మొదలుపెడితే పండగనాటికి సరిపోతుంది.

బొమ్మలకు కావలసింది పాత న్యూస్‌పేపర్లు, మెంతులు, అంతే. మా అమ్మ చేటలకు పూసే గుజ్జు నీకు గుర్తుందో లేదో. కొత్త చేట కొన్నా, పాత బుట్టకు సందులు పడినా, కాగితాలు నానబెట్టి మెంతులతో కలిపి రుబ్బి రెండువైపులా మెత్తేది. మెంతుల జిగురుకు కాగితం గట్టిగా పట్టుకుంటుంది, ఆ చేదుకు పురుగు దగ్గరికి రాదు. ఆ గుజ్జులోంచే మాకు తలా ఒక ముద్ద ఇచ్చేది. మేం గిన్నెలు, లక్కపిడతలు, కోతులు, ఏది తోస్తే అది చేసేవాళ్ళం. ఆవిడ మాత్రం తన చేట తను మెత్తుకుంటూ కూర్చునేది. మా వైపు చూసేది కాదు, ఇలా చెయ్యి అలా చెయ్యి అనేది కాదు. ఆవిడ వేళ్ళు నీళ్ళలో ముంచి ముద్దను ఎలా నునుపు చేస్తున్నాయో చూసి మేమే నేర్చుకున్నాం.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే బుజ్జమ్మా. పిల్లల పక్కన కాపలా కూర్చోకు. నీ ముద్ద నువ్వు తీసుకుని నీ బొమ్మ నువ్వు చేసుకో. అల్లుడుగారి చేతికీ ఒక ముద్ద ఇవ్వు. పెద్దవాళ్ళు ఖాళీగా కూర్చుని చూస్తుంటే పిల్లలు నిమిషానికోసారి “బాగుందా? బాగుందా?” అని అడుగుతారు. మన ఏనుగుకు తొండం నిలబడక మనం తంటాలు పడుతుంటే, వాళ్ళు ఆ మాట మర్చిపోయి తమ పనిలో పడతారు. చిన్నది చేసిన పిల్లి కుందేల్లా ఉన్నా చెవులు సరిచెయ్యకు. పెద్దాడు తొమ్మిదేళ్ళవాడు, వాడికి వంక పెడితే రెండోసారి ముట్టుకోడు. వాడు అడిగితేనే చెప్పు, అడిగినంతే చెప్పు.

ఇక చేసే పద్ధతి. నాలుగైదు పెద్ద షీట్లు గోరంత ముక్కలుగా చింపమను. రంగుల నున్నటి కాగితం త్వరగా నానదు, మామూలు న్యూస్‌పేపరే తీసుకో. ఆ చింపడమే చిన్నదానికి ఒక పూట పని, దానికి అదే పెద్ద ఆట. ముక్కలను బకెట్లో రెండు రోజులు నాననివ్వు, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చు. గుప్పెడు మెంతులు విడిగా రాత్రంతా నానబెట్టు. కాగితాన్ని కొంచెం కొంచెంగా, నీళ్ళు ఎక్కువ పోసి మిక్సీలో తిప్పు. ఒకేసారి కుక్కితే మోటారు వేడెక్కుతుంది. పాత జార్ ఉంటే అదే వాడు, మెంతి వాసన ఓ పట్టాన వదలదు. తిప్పిన గుజ్జును పాత పంచె గుడ్డలో వేసి పిండి, మెంతుల ముద్ద కలిపి బాగా పిసకాలి. చపాతీ పిండిలా చేతికి అంటీ అంటనట్టుగా ఉంటే చాలు. మరీ జారుగా ఉంటే ఇంకాస్త కాగితం గుజ్జు కలుపు.

లావుపాటి బొమ్మ మొత్తం గుజ్జుతోనే చేస్తే లోపల తడి ఆరక బూజు పడుతుంది. పొడి న్యూస్‌పేపర్‌ను ఉండగా నలిపి, దారంతో గట్టిగా చుట్టి, దాని మీద పావు అంగుళం మందాన గుజ్జు మెత్తమను. గిన్నె కావాలంటే స్టీలు గిన్నెను బోర్లించి, ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద మెత్తాలి. సగం ఆరాక గిన్నె లాగేస్తే ఊడి వస్తుంది. మొదటి రోజు నీడలో ఆరబెట్టు. ఒక్కసారిగా ఎండ తగిలితే పైన బీటలు వారుతుంది. తర్వాత బాల్కనీలో ఎండకు పెట్టి, మంచు పడకముందే సాయంత్రం లోపలికి తెచ్చుకో. నాలుగైదు రోజుల్లో చెక్కలా గట్టిపడతాయి.

విరిగిన తొండాలూ తోకలూ అతికించడానికి చింతగింజలు పంపుతాను. వేయించి, నానబెట్టి, నల్ల పొట్టు తీసేసి, లోపలి పప్పును మెత్తగా రుబ్బి నీళ్ళలో ఉడికిస్తే మంచి జిగురు అవుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్ళు వాడేదీ ఇదే అని పెద్దాడికి చెప్పు. వాళ్ళు తెల్ల పొణికి కర్రతో కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మన కొలువులో ఉండే అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు అలా వచ్చినవే. విజయవాడ నుంచి కొండపల్లి ఎంతో దూరం లేదు, వేసవిలో వచ్చినప్పుడు వాడిని తీసుకెళ్తానని మీ నాన్న అంటున్నారు. చెక్క మీద ఉలి నడవడం వాడు కళ్ళారా చూడాలి.

రంగులకు ముందు ముగ్గుపిండిని ఆ జిగురులోనే కలిపి తెల్లగా ఒక పూత వేయించు, న్యూస్‌పేపర్ బూడిద రంగు కనబడదు. దాని మీద వాటర్ కలర్స్ వేసుకోవచ్చు. అయితే ఒక్క బొమ్మకైనా వంటింటి రంగు వేయించు. పసుపులో కాస్త తడిసున్నం కలపగానే ఎర్రగా మారుతుంది. హారతికి కలిపే ఎర్రనీళ్ళు అవే కదా. చిన్నదాని కళ్ళముందు కలుపు, దాని మొహం చూడాలి నువ్వు. సున్నం మాత్రం నీ చేత్తోనే కలుపు, కళ్ళలో పడితే ప్రమాదం. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది, కాబట్టి రంగు వేశాక నీడలోనే ఉంచండి.

కొలువు మెట్లకు మీ ఇంట్లో పోగుపడిన అట్టపెట్టెలు చాలు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, మీకు మూడు చాలు. మీద ఉతికిన తెల్ల పంచె పరిస్తే సరి. పండక్కి వారం ముందు రెండు పళ్ళాల్లో తడిమట్టి పోసి ఒకదాంట్లో ఆవాలు, ఇంకోదాంట్లో రాగులు చల్లించు. రోజూ నీళ్ళు చిలకరించే పని చిన్నదానికి అప్పజెప్పు. భోగినాటికి పచ్చగా మొలిచి కొలువు ముందు పొలంలా ఉంటాయి. మధ్యలో డబ్బా మూతలో నీళ్ళు పోస్తే చెరువు. ఆ చెరువు గట్టున ఏముండాలో, పొలంలో ఎవరుండాలో పిల్లలే చెప్తారు. నీకు మూడో తరగతప్పుడు మన కొలువులో బస్టాండు కావాలని పట్టుబట్టావు. అగ్గిపెట్టెలతో నువ్వూ మీ నాన్నా కట్టారు. రాముడి పట్టాభిషేకం పక్కనే ఎర్రబస్సు. పేరంటానికి వచ్చినవాళ్ళందరూ ముందు దాన్నే చూశారు.

గాలిపటం గురించి రెండు ముక్కలు. కొబ్బరి చీపురు ఈనెలు రెండు చాలు, ఒకటి నిలువుగా, ఒకటి విల్లులా వంచి అడ్డంగా. జిగురుకు మైదా ఉడికించుకోండి. న్యూస్‌పేపర్ గాలిపటం బరువు కాబట్టి తోక పొడుగ్గా పెట్టాలి. గాలిపటానికి దారం ముడివేసే సూత్రం కట్టడం అల్లుడుగారికి వదిలెయ్యి, ఆయన చిన్నప్పటి సంగతులు పిల్లలు ఆ వంకన వింటారు. దారం మాత్రం మామూలు నూలు దారమే. చైనా మాంజా దేశమంతటా వాడకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే చెప్పింది. అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. పక్షుల రెక్కలు తెగుతున్నాయి, బండి మీద వెళ్ళేవాళ్ళ మెడలు కోసుకుపోతున్నాయి. పెద్దాడు ఎంత ఏడ్చినా ఇంట్లోకి రానివ్వకు. మీ అపార్ట్‌మెంట్ పైకి పెద్దవాళ్ళు తోడు లేకుండా పంపకు.

తినేవాటికి వస్తే, పిల్లలతో చిమ్మిలి చేయించు. పాకం గొడవ లేదు, కాలుతుందన్న భయం లేదు. నువ్వులు సన్నని సెగ మీద చిటపటమనేదాకా నువ్వు వేయించి పెట్టు. పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పి, బరకగా అవగానే తురిమిన బెల్లం, యాలకుల పొడి వేసి మళ్ళీ నాలుగు తిప్పులు తిప్పు. కప్పు నువ్వులకు ముప్పావు కప్పు బెల్లం. నువ్వుల నూనే ముద్దను పట్టి ఉంచుతుంది, నెయ్యి అక్కర్లేదు. ఇక అక్కణ్ణుంచి పని వాళ్ళది. నాగుల చవితికి నేను చేస్తుంటే నువ్వు పక్కన చేరి, చేసిన ఉండల్లో సగం నోట్లోనే వేసుకునేదానివి. వాళ్ళూ అదే చేస్తారు, చెయ్యనివ్వు. రెండు రకాల సైజుల్లో వచ్చినా, నలుచదరంగా వచ్చినా పళ్ళెంలో అలాగే సర్దు. పేరంటానికి వచ్చే పక్క ఫ్లాట్ల వాళ్ళకు తాంబూలం, శనగలతోపాటు ఆ ఉండలే పెట్టించు, పిల్లల చేత్తోనే ఇప్పించు.

నువ్వుండలు మాత్రం నువ్వే చెయ్యాలి. ఎన్నిసార్లు చెప్పినా పాకం దగ్గర కంగారు పడతావు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. రెండు కప్పుల నువ్వులకు కప్పున్నర బెల్లం తురుము. పావు కప్పు నీళ్ళు పోసి కరిగించి వడగట్టు, కొత్త బెల్లంలో కూడా ఇసుక ఉంటుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి మధ్యస్థం సెగన తిప్పుతూ ఉండు. పక్కనే గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకో. బొట్టు వేస్తే కరిగిపోయిందంటే ఇంకా రాలేదు. వేళ్ళకు మెత్తటి ఉండగా వస్తే అది అరిసెల పాకం, ఇంకా ఆగు. తీసి పళ్ళానికి వేసి కొడితే టంగుమని మోగాలి. మోగగానే సెగ ఆపి, యాలకుల పొడి, చెంచా నెయ్యి, నువ్వులు వేసి కలిపెయ్యి. అక్కడ ఆలస్యం పనికిరాదు, ఫోన్ మోగినా తియ్యకు. చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే చుట్టు. గట్టిపడిపోతే సన్నని సెగ మీద మళ్ళీ పెట్టు, మెత్తబడుతుంది. పిల్లలను పాకం గిన్నెకు దూరంగా ఉంచు, చుట్టిన ఉండలు లెక్కపెట్టే పని ఇవ్వు. నీళ్ళలో వేసిన పాకం బొట్లు వాళ్ళకే, అవి చప్పరించడం కోసం నువ్వు కూడా పొయ్యి దగ్గరే తిరిగేదానివి.

చిన్నదానికి భోగిపళ్ళు మర్చిపోకు, ఇంకో ఏడాది దాటితే పొయ్యవు కదా. రేగుపళ్ళు, నానిన శనగలు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు. కింద పడ్డవి ఏరుకునేటప్పుడే అసలు సంబరం, కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌లోని పిల్లలందరినీ పిలువు.

నువ్వు మూడో తరగతిలో చేసిన కాగితం చిలక ఇంకా పైన చెక్కపెట్టెలో ఉంది. ముక్కు కొంచెం రాలింది, అంతే. పంపమంటావని తెలుసు, కానీ పంపను. అది అక్కడికొస్తే పిల్లలు దాన్ని చూసి అలాగే చెయ్యాలనుకుంటారు. వాళ్ళవి వాళ్ళను చెయ్యనీ. వేసవిలో వచ్చినప్పుడు వాళ్ళ బొమ్మలు కొన్ని తీసుకురండి, వచ్చే ఏడు ఇక్కడి కొలువులో చిలక పక్కన పెడతాను.

కొత్త బెల్లం, నువ్వులు, చింతగింజలు ఈ వారంలోనే మీ నాన్న ఆర్టీసీ కార్గోలో వేస్తారు. రేగుపళ్ళు నలిగిపోతాయి, వాటిని భోగికి రెండు రోజుల ముందు వేరే వేయిస్తాను. పార్శిల్ అందగానే ఫోన్ చెయ్యి. ఈలోగా కాగితాలు మాత్రం నానబెట్టు.

ఇట్లు,
అమ్మ