బెల్టు పెట్టామా అన్నది ఒక్కటే చాలదు

ఎడిటర్ గారికి,

కారు ప్రమాదంలో పిల్లలకు దెబ్బలు తగిలాయన్న వార్తల్లో 'బెల్టు పెట్టుకున్నా గాయాలు తప్పలేదు' అన్న మాట తరచూ కనిపిస్తోంది. అది చదివి బెల్టే దండగ అనుకునేవాళ్లున్నారు. 14 ఏళ్లుగా పిల్లల వార్డులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను, ఉండబట్టలేక రాస్తున్నాను.

ఏడేళ్ల పాప ఒకసారి మా వార్డుకు వచ్చింది. బొడ్డుకి కాస్త పైన, పొట్టకి అడ్డంగా మూడు వేళ్ల వెడల్పున కమిలిన చార. లోపల పేగుకి చిల్లు, నడుము దగ్గర ఒక వెన్నుపూస విరిగింది. వాళ్ల నాన్న మంచం పక్కన నిలబడి, "నేనే పెట్టానండీ, బిగించి మరీ పెట్టాను" అని అదే మాట పదేపదే అంటున్నారు. ఆ బెల్టే లేకుంటే పాప మాకు దక్కేది కాదని ఆయనకు చెప్పాను. కానీ నడుము బెల్టు ఆగాల్సింది పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద. పెద్దవాళ్లకి ఆ ఎముక ముందు అంచు కొక్కెంలా బెల్టుని పట్టి ఉంచుతుంది. పిల్లలకి సుమారు 10 ఏళ్లు వచ్చేదాకా అది సరిగ్గా తేలదు. పైగా సీటు లోతెక్కువ కావడంతో మోకాళ్లు మడుచుకోవడానికి ముందుకి జారి కూర్చుంటారు. బండి గుద్దుకోగానే బెల్టు పొట్ట మీదికి ఎక్కేస్తుంది. కింద బూస్టర్ సీటు, అంటే పిల్లల్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టే సీటు, ఉండుంటే బెల్టు తొడల మొదట్లో, భుజం మధ్యలో కుదురుగా ఉండేది. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేదాకా అది కావాల్సిందే.

చంటిబిడ్డల సంగతి వేరు. పుట్టిన బిడ్డ పొడవులో తలే నాలుగో వంతు. మెడ పూసల్లో ఇంకా చాలా భాగం మెత్తటి మృదులాస్థే. పిల్లల కారు సీట్లో ముందుకి చూసేలా కూర్చోబెడితే ఒళ్లు పట్టీల దగ్గర ఆగుతుంది, తల ఆగదు. ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిప్పి కూర్చోబెడితే తల, మెడ, వీపు కలిసి సీటుకి ఆనుకుంటాయి. వ్యోమగాముల సీట్లను చూసి స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మాన్ అనే వైద్యుడు 1960ల్లోనే ఈ తరహా సీటు రూపొందించారు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు.

"ఒళ్లో పట్టుకుంటాంలే" అంటారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనులో పదో వంతులో ఆగిందంటే, 10 కిలోల బిడ్డను ఆపడానికి దాదాపు 140 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. రోజూ పిల్లల్ని ఎత్తి దించే చేతులు నావి. నా వల్లా కాదు.

మీ విలేకరులు ఇలాంటి వార్త రాసేటప్పుడు బెల్టు ఉందా లేదా అన్నదానితో ఆపకుండా, బిడ్డ ఎత్తెంత, ఏ సీట్లో ఎటు తిరిగి కూర్చుంది, బెల్టు ఒంటి మీద ఎక్కడుంది అని కూడా అడిగి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు