కొలువుల లెక్క గ్రామసభలో చదవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలకు రాబోయే పరిశ్రమల గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని ఎకరాల భూమి, ఎన్ని వేల ఉద్యోగాలు అన్న వివరాలు ప్రతి వార్తలోనూ ఉంటున్నాయి. కొన్నేళ్లు గడిచాక ఆ ఉద్యోగాల్లో ఎన్ని నిజంగా వచ్చాయి, వాటిలో ఏ మండలం పిల్లలకు ఎన్ని దక్కాయి అన్న సంగతి మాత్రం అధికారులూ చెప్పడం లేదు, మనమూ గట్టిగా అడగడం లేదు. ఆ లెక్కను ఊరి ముందు చెప్పించే పద్ధతి ఒకటి ఈ జిల్లాలకు కొత్తేమీ కాదు గనుక, దాని గురించి నాలుగు మాటలు రాయదలచాను.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకంలో జరిగిన ఖర్చును గ్రామసభ ఎదుట పరీక్షించే సామాజిక తనిఖీని ఒక వ్యవస్థగా నిలబెట్టిన ఘనత కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. తనిఖీ బృందం ఊరికి వచ్చి, జాబ్ కార్డులను, మస్టర్లను (కూలీల హాజరు పట్టీలను) సరిచూసి, తవ్విన కుంటను టేపు పెట్టి కొలిచి, ఇంటింటికీ తిరిగి కూలి ముట్టిందా లేదా అని అడిగి, తేలిన విషయాలను అందరి ముందు చదివి వినిపిస్తుంది. పనికి రాని మనిషి పేరున మస్టరు వేస్తే ఫీల్డ్ అసిస్టెంటు నిలబడి సమాధానం చెప్పుకోవాలి. పక్కదారి పట్టిన సొమ్మంతా తిరిగి వసూలైందని నేను అనను. అయినా, 2025–26లో రోజుకు 307 రూపాయలుగా ఉన్న కూలికి సైతం ఊరంతా లెక్క అడగవచ్చునన్న అలవాటు ఆ తనిఖీల వల్లే వచ్చింది.

పరిశ్రమలకు ఇచ్చే రాయితీల విషయానికి వస్తే ఈ అలవాటు మాయమవుతుంది. భూమి, నీరు, కరెంటు ఛార్జీల్లో తగ్గింపు, పన్ను వాపసు, పెట్టుబడి సబ్సిడీ ఇవన్నీ ప్రజాధనమే. 2024 అక్టోబరులో ప్రకటించిన పారిశ్రామిక విధానంలో ఉద్యోగ కల్పనకే పెద్దపీట వేశామని, ఐదేళ్లలో 20 లక్షల ఉద్యోగాలు లక్ష్యమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఈ లక్ష్యాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఉద్యోగాన్నే కొలమానంగా ప్రకటించిన ప్రభుత్వం, ఆ కొలతను తానొక్కటే తీసుకుని తానొక్కటే చదువుకుంటే చాలదని మాత్రమే అంటున్నాను.

ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక పెనుకొండ ప్రాంతం మారలేదంటే అది అబద్ధమవుతుంది. 2017లో ఒప్పందం కుదిరి, 2019 నాటికే కార్లు బయటికి వచ్చాయి. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ఆ పరిశ్రమ చుట్టూ విడిభాగాల యూనిట్లు, అద్దె ఇళ్లు, హోటళ్లు, రవాణా వ్యాపారం పెరిగాయి. గోరంట్ల, సోమందేపల్లి వైపు ఏ ఇంట్లో పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందన్నా ఎవరూ ముందుగా జీతం గురించి అడగరు. "కంపెనీ రోల్సా, కాంట్రాక్టా?" అని అడుగుతారు. లేబర్ కాంట్రాక్టరు ద్వారా చేరి, కొన్ని నెలలకే బయటికి వచ్చి, మళ్లీ ఇంకో కాంట్రాక్టరు కింద ఇంకో గేటు దగ్గర నిలబడే యువకుడిని కాగితం మీద రెండు ఉద్యోగాలుగా చూపించవచ్చు. ఇంట్లో వాళ్లకు తెలిసినంతవరకు వాడు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూనే ఉన్నాడు.

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. తగిన అర్హతలున్నవారు దొరకకపోతే ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలోగా స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలన్నది అందులోని నిబంధన. ఆ చట్టం హైకోర్టులో సవాలుకు గురైంది. ఇలాంటి హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు కొట్టివేసింది. కనుక ఈ కోటాను పట్టుకుని వేలాడడం తెలివైన పని కాదేమో. శిక్షణ నిబంధనకు మాత్రం ఏ రాజ్యాంగమూ అడ్డుపడదు. మన ఐటీఐల్లో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ చదివినవారు పరిశ్రమ గేటు దాకా వెళ్లి, అక్కడి యంత్రాన్ని అంతకు ముందెన్నడూ చూడలేదన్న కారణంతో వెనక్కి వస్తుంటే, అందులో తప్పు పిల్లలది కాదు. ఏ పరిశ్రమకు ఏ పనివారు ఎంతమంది కావాలో ఒప్పందం నాడే తెలుస్తుంది. కర్మాగారం కట్టడానికి పట్టే రెండేళ్లలో ఆ శిక్షణ పూర్తి చేయవచ్చు.

లెక్క అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లోని లేపాక్షి నాలెడ్జ్ హబ్ భూముల వైపు వెళ్తే చాలు. ఉద్యోగాల పేరు చెప్పి సుమారు 8,800 ఎకరాలు సేకరించారు. భూములిచ్చిన రైతుల పిల్లలు పెద్దవాళ్లై బెంగళూరులో సెక్యూరిటీ గార్డులుగా, బేల్దారి పనివాళ్లుగా కుదురుకున్నారు గానీ, చెప్పిన పరిశ్రమలు రాలేదు. ప్రభుత్వాలు మారాయి, కేసులు నడిచాయి, కొత్త ప్రతిపాదనలు వచ్చాయి. ఏటేటా ఆ రెండు మండలాల గ్రామసభల్లో "భూమి ఇంత, ఉద్యోగాలు ఇన్ని" అని చదివి వినిపించి ఉంటే, ఆ సున్నాను ఇన్నేళ్లు చదవడానికి ఏ అధికారికైనా నోరు వచ్చేదా?

అధికారిక నిరుద్యోగ రేటును చూసి ఊరట చెందడం కూడా కుదరదు. కేంద్ర గణాంక శాఖ శ్రామిక సర్వేలో వారపు లెక్క ప్రకారం, ఆ ఏడు రోజుల్లో ఏదైనా ఒక రోజు గంటసేపు పని చేసినా ఆ మనిషి ఉపాధి ఉన్నవాడే. డిగ్రీ చదివి గడ్డపార పట్టి ఉపాధి పనికి పోయినవాడూ, తండ్రితో పాటు చీనీ (బత్తాయి) తోటలో కాయ కోసినవాడూ ఆ లెక్కలో నిరుద్యోగులు కారు. కొలిచే పద్ధతిలో తప్పుందని కాదు. మన జిల్లాల కష్టం ఆ కొలతకు అందదు.

ఈ సందర్భంగా మరో విషయం తప్పక చెప్పాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. పని దినాలు 100 నుంచి 125కు పెరిగాయి. వ్యయంలో 40 శాతం రాష్ట్రం భరించాలి. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజులు ఈ పనులు ఆపాలన్న నిబంధన కూడా పెట్టారు. కాలువల కింద వరి పండే జిల్లాల్లో దీనికి అర్థం ఉండవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతలో, ఒకప్పుడు 8 లక్షల హెక్టార్ల దాకా వేసిన వేరుశనగ ఎన్నిసార్లు విత్తనానికే నోచుకోలేదో అందరికీ తెలుసు. జూన్, జూలైలలో వాన రాక విత్తనం పడకపోతే పొలంలో పని ఉండదు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వ పని కూడా ఆపితే కదిరి, మడకశిర పల్లెల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని రైలెక్కుతారు. ప్రాంతాలవారీగా వేర్వేరు తేదీలు ప్రకటించే వెసులుబాటు చట్టంలోనే ఉంది. కనుక మన రెండు జిల్లాలకు ఆ 60 రోజులను మండలాల్లో నమోదైన వర్షపాతాన్ని బట్టి నిర్ణయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కృష్ణా డెల్టా క్యాలెండరును కళ్యాణదుర్గానికి అంటగట్టడం న్యాయం కాదు.

175 నియోజకవర్గాల్లో చిన్న పరిశ్రమల పార్కులు పెడతామన్న నిర్ణయం మంచిదే. టమాటా ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసే రోజుల్లో, చీనీ కాయ లారీలెక్కి పరాయి రాష్ట్రాలకు పోతున్న జిల్లాలో, శుద్ధి చేసే యూనిట్లకే అక్కడ మొదటి చోటు దక్కాలి.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. ప్రభుత్వ రాయితీ పొందిన ప్రతి పరిశ్రమకూ ఒక పుట చాలు: ఒప్పందంలో చెప్పిన ఉద్యోగాలు ఎన్ని, నేడు పనిలో ఉన్నవారు ఎంతమంది, వారిలో కంపెనీ రోల్స్‌లో ఎందరు, కాంట్రాక్టు మీద ఎందరు, మహిళలు ఎందరు, ఏ మండలం వారు ఎందరు, ఇప్పటిదాకా అందిన రాయితీ ఎంత. వ్యక్తుల పేర్లు అక్కర్లేదు. ఆరు నెలలకోసారి ఆ పుటను చుట్టుపక్కల పంచాయతీల్లో గ్రామసభ ముందు చదివి, గ్రామ సచివాలయం గోడకు అంటించి, ఆ తర్వాతే తదుపరి విడత రాయితీ విడుదల చేయాలి. ఉపాధి పనుల తనిఖీలో ఆరితేరిన సిబ్బంది రాష్ట్రంలో ఉన్నారు. కొత్త కార్యాలయం తెరవవలసిన అవసరం కూడా లేదు. శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టరు గారు పెనుకొండ, హిందూపురం, గోరంట్ల మండలాల్లో రాబోయే గ్రామసభల నుంచే దీన్ని మొదలుపెట్టించాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గోరంట్ల మండలం, శ్రీ సత్యసాయి జిల్లా.