పాత బోర్ల లెక్కలు ముందు చెప్పండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా వినుకొండ దగ్గరి అగ్నిగుండాల కొండల్లో రాగి పడిందని పెద్ద అక్షరాలతో వేశారు. చదివి ఊరుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. ఇది నిన్నగాక మొన్న దొరికిన రాగి కాదు. అక్కడి నల్లకొండ, ధూకొండల్లో రాగి, బండ్లమోటులో సీసం ఉన్నాయని జీఎస్ఐ (కేంద్ర భూగర్భ సర్వే సంస్థ) వాళ్లు ఎప్పుడో కింది రాయి తీసి చూసే బోర్లు వేసి చూశారు. సీసం గని కొన్నాళ్లు నడిచి మూతపడింది కూడా.

నా చిన్నప్పుడు ఆ డ్రిల్లింగు దగ్గర పనిచేసే ఒకాయన, బోరులోంచి తీసి చెక్కపెట్టెలో వరసగా పేర్చిన రాతి కడ్డీల్లోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. మధ్యలో ఇత్తడిలా మెరిసే చారలు. బంగారమా అని అడిగితే చాకు మొనతో గీశాడు. గీత పడి, ఆకుపచ్చ కలిసిన నల్లటి పొడి రాలింది. "ఇది చాల్కోపైరైట్. రాగి, ఇనుము, గంధకం కలిసుంటాయి. ఉత్త పైరైట్ అయితే చాకుకి లొంగదురా" అన్నాడు.

మీరేమో పచ్చ మరకల రాయి ఫోటో వేసి కొండంతా రాగే అన్నట్టు రాశారు. పైనున్న సల్ఫైడ్, అంటే గంధకంతో కలిసున్న రాగి, వానకీ గాలికీ మారిపోతే వచ్చే రంగు అది. కింద ఎంత మందం ఉందో, ఎంత లోతుకి పోయిందో బోర్లు వేస్తేనే తెలుస్తుంది. నూటికి ఒక పాలు రాగి ఉంటే టన్ను రాయికి వచ్చేది 10 కిలోలు. మిగతా దాంట్లో చాలా భాగం మర పట్టిన రాతి పిండే, అదెక్కడ పోస్తారు? అందులో మిగిలిన గంధకం గాలీ నీరూ తగిలి ఆమ్లంగా మారితే మా పొలాల నీటి బోర్ల సంగతేంటి? ఆ మాట ఒక్కటీ రాయలేదు. వార్త వచ్చిన మూడో రోజుకే బ్రోకర్లు మాత్రం కార్లేసుకుని దిగారు.

గని వద్దని నేను అనడం లేదు. రాజస్థాన్‌లోని ఖేత్రి, మధ్యప్రదేశ్‌లోని మలాజ్‌ఖండ్ గనుల రాగి దేశానికి చాలదు. 2023లో రాగిని కీలక ఖనిజాల జాబితాలో చేర్చారు, అదే ఏడాది గనుల చట్టం మార్చి, ఖనిజాలు వెతకడానికి అన్వేషణ లైసెన్సులూ తెచ్చారు. మంచిదే. కానీ పాత బోర్లలో ఏం తేలిందో తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసులో పెట్టడానికి ఏం అడ్డం? దీని కోసం ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. ఫైలు ఇక్కడ లేదన్నారు, ఎక్కడుందో చెప్పలేదు, అర్జీకి రసీదు కూడా ఇవ్వలేదు. పింఛను అడిగినా, పాస్‌బుక్కు అడిగినా ఇదే తంతు. అడిగినవాణ్ణి తిప్పడమే ఉద్యోగం అయిపోయింది.

ఆ రాతిముక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాని మీద బోరు నంబరు, లోతు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. ఆ బోరులో ఏం పడిందో ఇన్నేళ్లలో నాకు చెప్పినవాళ్లు లేరు.

– ఒక పాఠకుడు, వినుకొండ