అక్కకు, క్లీవ్‌లాండ్ నుంచి

అక్కా,

బావగారు ఈ కార్తీకంలో మాల వేసుకుంటున్నారని, ఇక తాగుడు పీడ వదిలినట్టేనని ఫోనులో ఎంతో సంబరంగా చెప్పావు. మీ అత్తగారు నీ పక్కనే ఉన్నారని ఊఁ కొట్టి ఊరుకున్నాను. అసలు మాట ఇందులో రాస్తున్నాను.

పొద్దున లేస్తూనే ఆయన చేతులు వణుకుతున్నాయని, ఒక గుక్క పడితే గాని కుదుటపడవని నువ్వే అన్నావు. అలా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. లేనివి కనబడి మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకని మాలకంటే ముందు గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించు. మందులిచ్చి, కనిపెట్టుకుని ఉండి ఆపిస్తారు. అయ్యప్ప ఏమీ అనుకోడు.

41 రోజులూ ఆయన చుక్క ముట్టరు, నాకు అనుమానం లేదు. మన వీధిలో ఎంతమంది అలా మానలేదు! తెల్లవారుజామున చన్నీటి స్నానం, పూజ, సాయంత్రం తోటి స్వాములతో భజన. మనిషిని ఒంటరిగా వదలరు. కొండకు వెళ్ళి వచ్చి మాల తీశాక ఎవరి దారి వారిది, ఆ వారంలోనే మళ్ళీ దుకాణం దగ్గర. మాలకున్న బలంలో సగం ఆ గుంపుదేనని నాకు ఇక్కడికొచ్చాకే తట్టింది. మా ఆయన వెళ్ళే మీటింగులు కూడా అలాంటివే, కాకపోతే వాటికి మాల తీసే రోజంటూ లేదు. ఈయన సంగతి నీకు రాయడానికి ఈయననే అడిగాను. 'మీ అక్కకైతే రాయి' అన్నారు.

తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూడే గుంపు ఇది. ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటారు, పొట్టిగా ఎ.ఎ. ఫోనులో వాళ్ళ యాప్ తెరిస్తే దగ్గరలో ఏ వేళకు ఎక్కడ మీటింగుందో చూపిస్తుంది. ఓపెన్ అని ఉంటే ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవారికే. ఈయన మొదట మన తెలుగువాళ్ళు లేని ఊరు వెతుక్కుని అంత దూరం కారులో వెళ్ళేవారు. సంక్రాంతి సంబరాల్లో ఎదురుపడేవాళ్ళు అక్కడ కనిపిస్తారేమోనని భయం! కనిపించినా వాళ్ళూ అందుకే వచ్చి ఉంటారు కదా అని నేనంటే కోపమొచ్చేది.

చూడబోతే చర్చి నేలమాళిగలో మడత కుర్చీలు, పెద్ద పాత్రలో కాఫీ, అంతే. ఒక్కొక్కరు పేరు చెప్పి, ఇంటిపేరు చెప్పకుండా, తమ కథ కొంచెం చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. మనవాళ్ళకు ఇది ఎంత కష్టమో ఆలోచించు. రుసుము లేదు. బుట్ట తిప్పుతారు, కొత్తవాళ్ళు వేయనక్కర్లేదు. చివర్లో కొన్ని చోట్ల క్రైస్తవ ప్రార్థన చదువుతారు. ఈయనకు మొదట ఇబ్బందిగా ఉండేది. 'మీకు అర్థమైన దేవుడినే తలచుకోండి' అన్నాడట అక్కడొక ముసలాయన. ఆ ముసలాయనే ఇప్పుడు ఈయనకు స్పాన్సర్, అంటే చేయి పట్టుకుని నడిపించే పాత సభ్యుడు. తాగాలనిపిస్తే ముందు ఫోను ఆయనకే. నాకు కాదు! అసలు మొదటి గుంపు నచ్చలేదు, రెండోదీ అంతే. నచ్చేదాకా మార్చుకోవచ్చు.

ఇదంతా పుట్టింది మాకు దగ్గరలోని ఆక్రన్‌లోనే. 1935 మేలో బిల్ అనే న్యూయార్క్ మనిషి వ్యాపారం దెబ్బతిని, హోటల్లో బారు వైపు కాళ్ళు లాగుతుంటే, మరో తాగుబోతుతో మాట్లాడితేనే నిలబడగలనని ఫోన్లు చేశాడు. దొరికినాయన బాబ్ అనే సర్జన్. పావుగంట మాత్రమే కూర్చుంటానని వచ్చి ఆరు గంటలు దాటినా లేవలేదట. ఆ డాక్టరు జూన్ 10న మానేశాడు. ఆ తేదీనే ఎ.ఎ. పుట్టినరోజు అంటారు. చదువుకున్నవాడు, బడిపంతులు, మావాడికి తాగుడేమిటి అని మీ అత్తగారు అంటే ఆ సర్జన్ సంగతి చెప్పు.

ఇక నీ గురించి. బావగారు వెళ్ళినా వెళ్ళకపోయినా నువ్వు వెళ్ళడానికి, తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం వేరే మీటింగులున్నాయి. పేరు అల్-అనాన్. 1951లో ఆ బిల్ భార్య లోయిస్, మరొకామె కలిసి మొదలుపెట్టారు. నేను వారం వారం వెళుతున్నాను. 'నేను కారణం కాదు, నా అదుపులో లేదు, నేను నయం చేయలేను' అని అక్కడ అనుకుంటాం. నువ్వు వడ్డించే తీరు నచ్చక తాగుతున్నాడని అన్నవాళ్ళు ఉన్నారే, వాళ్ళ మాట ఇక మొయ్యకు. ఆయన లేవలేకపోయిన రోజు బడికి నువ్వు ఫోన్ చేసి జ్వరమని చెప్పడం కూడా మానెయ్యి. ఆయననే చెప్పుకోనీ.

మన దగ్గరా ఎ.ఎ. ఉంది, హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో మీటింగులు జరుగుతాయి. 14446కు ఫోన్ చేస్తే ప్రభుత్వం వాళ్ళు చికిత్సకు దారి చెబుతారు, డబ్బు పడదు. అంత దూరం వెళ్ళడానికి ఇంట్లో ఏమని చెప్పాలి అంటావని తెలుసు. ఆన్‌లైన్ మీటింగులున్నాయి, కెమెరా ఆపుకుని వినవచ్చు.

ఆదివారం మీకు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. ఆ వేళకు మేడ మీదికి వెళ్ళు, బట్టలు తీసే వంకతో. ముందు ఆసుపత్రికి ఏ రోజు వెళతారో తేల్చుకుందాం. చంటిదానికి ఫ్రాకు పంపాను, కొంచెం పొడుగు కుట్టించాను, కిందికి మడిచి వెయ్యి.

నీ చెల్లి