టీసీ తీస్కపోయే ముందు పుస్తకాల సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్తే. యాన్యువల్ ఎగ్జామ్స్ దగ్గరికొచ్చినయ్, ఫీజుల సంగతి, బస్సు రూట్ల సంగతి వెనక పేజీల ఉన్నది, అది ఆఫీసోళ్ళు రాసిన్రు, ఈ పేజీ మాత్రం నా సొంత ముచ్చటకు వాడుకుంటున్న, ఏమనుకోకున్రి.

పోయిన వారం ఒక తల్లి టీసీ కోసం వచ్చింది. హసన్‌పర్తి దిక్కు వాళ్ళు, పెద్దోడు ఆరో తరగతి, చిన్నది రెండు, వాళ్ళ నాన్నకు సింగపూర్‌ల జాబ్, జూన్‌కు అందరు పోతున్నరు. నేను సంతకం పెడుతుంటే అడిగింది, "మేడం, అక్కడ ఇంగ్లీష్ కథల పుస్తకాలు మంచియి దొరుకుతయా, లేకుంటే ఇక్కన్నే కొని సూట్‌కేస్ నింపుకొని పోవాల్నా" అని. నేను తొందరల "దొరుకుతయమ్మ, సింగపూర్ కదా" అని పంపించిన, ఆమె గేటు దాటినంక నాకే మనసున పట్టలే. ఎందుకంటే 2008ల మా సారుకు అక్కడ పని దొరికి మేము పోయినప్పుడు నాకు కూడ ఎవరో గిట్లనే చెప్పిన్రు, సింగపూర్ కదా అన్నీ దొరుకుతయ్ అని, ఆ మాట పట్టుకొని మా బిడ్డ పుస్తకాలన్నీ మా అక్క పిల్లలకు పంచిపెట్టి ఫ్లైట్ ఎక్కిన. బిడ్డ అప్పుడు మూడో తరగతి. కంచం పక్కన పుస్తకం తెరిచి లేకుంటే ముద్ద మింగని పిల్ల.

మొదటి ఆదివారం ఆర్చర్డ్ రోడ్డు మీద 'నీ ఆన్ సిటీ' అనే మాల్‌ల ఉన్న కినోకునియా పుస్తకాల షాపుకు పోయినం. అది జపాన్ కంపెనీ, 1927ల టోక్యోల షింజుకు దగ్గర మొదలైంది, సింగపూర్‌ల ఈ పెద్ద షాపు 1999ల పెట్టిన్రు. హనుమకొండ చౌరస్తాల, వరంగల్ స్టేషన్ రోడ్డుల ఉన్న బుక్ స్టాళ్ళన్నీ ఎత్తుకపోయి పెట్టినా దాంట్ల ఒక మూల గూడ నిండదు. బిడ్డ ఉరుక్కుంట పిల్లల సెక్షన్‌కు పోయింది, నేను ఒక పుస్తకం తిప్పి వెనకాల రేటు చూసిన, 16 డాలర్లు. అప్పుడు సింగపూర్ డాలర్ 30 రూపాయల దగ్గర ఉండె, అంటే 480, అసొంటి పుస్తకమే కోఠిల 200కు కొన్న మనిషిని నేను. ఈ గుణకారం ఒక రోగం, దేశం దాటినోళ్ళకు మొదటి ఏడాదంత ఉంటది, టమాటాల కాడికెళ్ళి కటింగ్ షాపు దాకా ప్రతిదాన్ని రూపాయలల్ల లెక్కేసుడే (ఇప్పుడైతే డాలర్ 60 దాటింది, రోగం ఇంకా ముదురుతది). నాలుగు పుస్తకాలు గుండెకు పట్టుకొని వచ్చిన పిల్లతోని మూడు వాపస్ పెట్టించిన. ఏడ్వలేదు గానీ ఇంటికొచ్చే దాకా బస్సుల ఒక్క మాట మాట్లాడలే.

రేటు ఎందుకంత తేడా అంటే దానికి కారణం ఉన్నది, మన దగ్గర అమ్మే ఇంగ్లీష్ పుస్తకాలల్ల శానా మటుకు మన దేశం కోసమే తక్కువ ధరకు వేరే ప్రింట్ చేస్తరు, అట్ట వెనకాలనో లోపలి పేజీలనో ఇండియాలనే అమ్మాలె అని చిన్న అక్షరాలల్ల ఉంటది చూడున్రి. అక్కడికి పోయేది లండన్ నుంచో న్యూయార్క్ నుంచో వచ్చిన ఎడిషన్, దాని కాగితం మంచిగుంటది, ధర గూడ అట్లనే ఉంటది.

అదే ఆర్చర్డ్ రోడ్డు మీద వీలాక్ ప్లేస్‌ల బార్డర్స్ అని అమెరికా వాళ్ళ షాపు ఉండె, 1997ల వచ్చింది. అక్కడ పిల్లలు అరల మధ్యల కింద కూసోని చదువుతనే ఉంటరు, ఎవ్వరు లేపరు. మా బిడ్డ శనివారం శనివారం అక్కడ కార్పెట్ మీద మోకాళ్ళు ముడుచుకొని రెండు గంటలు కూసునేది, ఒక పుస్తకం నాలుగు శనివారాలల్ల ముగిచ్చింది, ఎక్కడ ఆపిందో గుర్తుండనీకి పేజీ నంబర్ అరచేయిల పెన్నుతోని రాసుకునేది. నాకు సిగ్గయ్యి అప్పుడప్పుడు ఒక పెన్సిలో గ్రీటింగ్ కార్డో కొనేదాన్ని. ఆ షాపు 2011ల మూసేసిన్రు. అక్కడి టైమ్స్ బుక్ స్టోర్స్ గూడ 2024ల చివరి బ్రాంచ్ మూసేసింది. అందుకే నా మాట గానీ ఇంకెవరి మాట గానీ నమ్మి పిల్లల్ని ఎంబడేసుకొని పోకున్రి, ముందు షాపుకు ఫోన్ కొట్టి ఉన్నదా లేదా, పిల్లల పుస్తకాలు ఉన్నయా అని అడిగి పోన్రి.

అసలు చెప్పాలనుకున్నది బ్రాస్ బసా కాంప్లెక్స్ గురించి. 1980ల కట్టిన పాత బిల్డింగ్, పైన మనుషులుండే ఫ్లాట్లు, కింద అన్ని పుస్తకాల షాపులు, స్టేషనరీ, కళ్ళద్దాలు, రంగుల డబ్బాలు. బుక్ సిటీ అని పేరు గూడ ఉన్నది దానికి. అక్కడ సెకండ్ హ్యాండ్ పుస్తకాలమ్మే చిన్న చిన్న షాపులుంటయి, మన కోఠి లెక్కనే గాని ఏసీ ఉంటది. మేము పోయే షాపుల ఒక ముసలాయన ఉండేటోడు, అంకుల్ అనేటోళ్ళం, అక్కడ గూడ పెద్దోళ్ళను అంకులే అంటరు లెండి. పుస్తకం ఇస్తే మొదటి పేజీ తెరిచి పైన కుడి మూలకు పెన్సిల్‌తోని రాసిన అంకె మీద గోరు పెట్టి చూపెడుతడు, నోటితోని రేటు చెప్పడు. 6 డాలర్లు. బేరం ఆడవోయిన, నవ్వి ఊకున్నడు, ఇంకో అంకె 3 అని కాగితం మీద రాసి, చదివినంక తీస్కరా ఇది ఇస్త అన్నడు. అంటే పుస్తకం చదువుకునుడు మనకు 3 డాలర్లల్ల అయిపోయింది. ఆ లెక్క నాకంటే ముందు మా బిడ్డకు అర్థమైంది, చేతులు కడుక్కోకుండ ఆ పుస్తకాలు ముట్టనిచ్చేది కాదు, మరక పడితే అంకుల్ తీసుకోడు అని. ఒక పుస్తకంల లోపల ఇంకో పిల్ల పేరు, 1994 అని, మడత పెట్టిన పాత బస్ టికెట్ గూడ దొరికింది, ఆ పుస్తకం మాత్రం వాపస్ ఇయ్యలే, ఇప్పటికి మా ఇంట్లనే ఉన్నది టికెట్‌తోని సహా.

ఆ కాంప్లెక్స్ నుంచి రోడ్డు దాటితే నేషనల్ లైబ్రరీ, విక్టోరియా స్ట్రీట్‌ల ఈ కొత్త బిల్డింగ్ 2005ల అయింది. సిటిజన్లకు, పీఆర్ (అక్కడ పర్మనెంట్‌గ ఉండే అనుమతి) ఉన్నోళ్ళకు మెంబర్‌షిప్ ఫ్రీ, వర్క్ పాస్ మీద పోయినోళ్ళు ఏడాదికి కొంత కట్టాలె, కానీ లోపల కూసోని చదువుకునేదానికి ఎవ్వరు ఏమి అడగరు. బ్రాంచ్ లైబ్రరీలు షాపింగ్ మాళ్ళల్లనే ఉంటయి, కూరగాయలకు పోయినప్పుడు పోవచ్చు. హసన్‌పర్తి అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే, ఇల్లు కిరాయికి చూసుకునేటప్పుడే లైబ్రరీ ఎంత దూరమో చూసుకో.

మంచి షాపును ఎట్ల గుర్తువట్టాలె అంటే నేను చూసేది ఒకటే, పిల్లల పుస్తకాలు ఎట్ల సదిరిన్రు అని. వయసును బట్టి సదిరితే ఆ షాపుల చదివేటోళ్ళు పని చేస్తున్నట్టు లెక్క. ముందల బొమ్మలు, వాటర్ బాటిళ్ళు, బర్త్‌డే సామాన్లు పెట్టి వెనకాల ఒక్క ర్యాక్ పుస్తకాలు పెడితే అది గిఫ్ట్ షాపు, పేరు మాత్రమే బుక్ షాపు. ఇంకొకటి, అక్కడ శానా షాపులల్ల పుస్తకాలకు ప్లాస్టిక్ కవర్ చుట్టి పెడుతరు, పిల్లలు లోపల చూడకుండ అట్ట చూసి అడుగుతరు, ఇంటికి పోయినంక అది వాళ్ళకు కష్టమయ్యే భాష అని తెలుస్తది. కౌంటర్‌ల అడిగితే కవర్ తీసి చూపెట్టే షాపులు ఉంటయి, అడగనీకి మొహమాటపడకున్రి. పిల్లగాన్ని ఒక పేజీ బయటికి చదవమనున్రి, అయిదు మాటలకంటే ఎక్కువ తడబడితే అది వచ్చే ఏడాది పుస్తకం.

మలేషియాకు పోయేటోళ్ళకు కౌలాలంపూర్‌ల ఆ జంట టవర్ల కింద సూరియా కేఎల్‌సీసీల గూడ కినోకునియా ఉన్నది, కానీ నేను చెప్పేది బిగ్ బ్యాడ్ వుల్ఫ్ సేల్ గురించి. అది 2009ల అక్కన్నే మొదలైంది, పబ్లిషర్ల దగ్గర అమ్ముడుపోక మిగిలిన కొత్త పుస్తకాలను టోకున తెచ్చి పెద్ద హాలుల కుప్పలు పోసి అమ్ముతరు, జనం ట్రాలీలు నింపుకుంటరు, మేడారం జాతరల బెల్లం కొన్నట్టు కొంటరు. తర్వాత వేరే దేశాలకు గూడ తీస్కపోయిన్రు, 2018ల దుబాయ్‌ల గూడ పెట్టిన్రు. మేము ఒకసారి రాత్రి బస్సెక్కి సింగపూర్ నుంచి దీనికోసమే పోయినం. ఒకటే చిక్కు, మిగిలిపోయిన పుస్తకాలు కాబట్టి సిరీస్‌ల మూడోది, అయిదోది ఉంటయి, ఒకటోది ఉండదు, బిడ్డ కుప్పలల్ల ఎంత దేవులాడినా దొరకలే, అట్ల మూడోది చదివి ముందు ఏమై ఉంటదో తనే కథలు అల్లుకునేది.

బ్యాంకాక్‌ల అయితే సుఖుంవిత్ రోడ్డు మీద దాసా అని పాత పుస్తకాల షాపు, మూడు అంతస్తులు, కింద కాఫీ. కొత్తయి కావాలంటే సియామ్ పారగాన్‌ల దొరుకుతయి. వియత్నాం మేము టూరుకే పోయినం, అక్కడ ఫుట్‌పాత్ మీద ఒకామె మెడ దాకా పుస్తకాలు పేర్చుకొని తిరుగుతుంటే చవకగున్నదని ఒకటి కొన్న, రూముకు పోయి చూస్తే అది జిరాక్స్ తీసి అట్ట వేసింది, 97 నుంచి 112 దాకా పేజీలు రెండుసార్లున్నయ్, తర్వాతి పదహారు పేజీలు అసలే లేవు. ఇంగ్లీష్ టీచర్‌ను అయ్యుండి మోసపోయిన, మా సారు ఇప్పటికి ఎత్తిపొడుస్తడు.

ఇగ మన స్కూల్‌ల ఎక్కువమంది నాన్నలున్నది గల్ఫ్‌ల. దుబాయ్‌ల ఫ్యామిలీతోని ఉండేటోళ్ళకు దుబాయ్ మాల్‌ల కినోకునియా ఉన్నది, మాగ్రూడీస్ అని 1975 నుంచి ఉన్న పాత షాపు, పిల్లల పుస్తకాలకు పేరున్నది. షార్జాల బుక్ ఫెయిర్ 1982ల మొదలుపెట్టిన్రు, ఏటా నవంబర్ దగ్గరదగ్గర ఎక్స్‌పో సెంటర్‌ల అయితది. మన పేరెంట్ ఒకాయన పోయొచ్చి చెప్పిండు, మలయాళం స్టాళ్ళ దగ్గర నిలబడనీకి జాగ లేదంట, వాళ్ళు ఇంటిల్లిపాది వచ్చి సంచులు సంచులు కొనుక్కపోతున్నరంట. సౌదీల, ఖతార్‌ల, కువైట్‌ల జరీర్ షాపులున్నయ్, కంప్యూటర్లు, ఫోన్ల మధ్యలకెళ్ళి లోపలికి పోతే ఇంగ్లీష్ పుస్తకాలు ఉంటయి.

క్యాంపులల్ల ఉండి పని చేసే నాన్నలకు ఈ మాళ్ళు ఎందుకు మేడం అంటరేమో. ఏడో తరగతి పిల్లగాని నాన్న దోహాల డ్రైవర్, జగిత్యాల దిక్కు మనిషి, రెండేండ్లకోసారి వస్తడు. పోయినసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చి, కొడుకు ఫోన్ల పుస్తకాలు అడుగుతున్నడు, నాకు ఇంగ్లీష్ రాదు, ఏది తేవాల్నో తెల్వది అన్నడు. ఖతార్ నేషనల్ లైబ్రరీ ఎడ్యుకేషన్ సిటీల ఉన్నది, 2017 నవంబర్‌ల జనానికి తెరిచిన్రు, పది లక్షలకు పైన పుస్తకాలు, ఖతార్ రెసిడెంట్ ఐడీ ఉన్నోళ్ళకు మెంబర్‌షిప్ ఫ్రీ, డ్రైవర్ అయినా ఇంజినీర్ అయినా ఒకటే. సెలవు రోజు పోయి పిల్లల సెక్షన్‌ల నిలబడి కొడుకుకు వీడియో కాల్ చేయమని చెప్పిన. చేసిండంట. ఇద్దరు కలిసి అట్టలు చూస్తరంట, కొడుకు ఇక్కన్నుంచి ఆ ఎర్రది తెరువు నాన్న, ఈ పులి బొమ్మది తెరువు అంటడంట, పేర్లు రాసిపెట్టుకొని, అందుల దొరికినయి మేము హైదరాబాద్ ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మార్కెట్‌ల ఏరుకొస్తున్నం. ఇప్పటికి మూడు దొరికినయ్.

ఇక్కన్నుంచి ఏం తీస్కపోవాలె అంటే, ఇంగ్లీష్ పుస్తకాలు పిల్లకు ఇష్టమైనయి ఒక పది చాలు, మొదటి నెల గడవనీకి. అవి చెకిన్ సూట్‌కేస్‌ల కాకుండ పిల్లల స్కూల్ బ్యాగుల పెట్టున్రి, 30 కిలోలల్ల పచ్చళ్ళే సగం తింటయి. మిగతా జాగ తెలుగు పుస్తకాలకు ఉంచున్రి, అవి అక్కడ ఏ మాల్‌ల దొరకయి, నేను ఆ తప్పు చేసిన, మా బిడ్డకు తెలుగు చదువుడు ఆరో తరగతిల మళ్ళ అఆల నుంచి నేర్పిన.

ఊళ్ళె ఉండేటోళ్ళకు గూడ ఒక మాట. హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల పెట్టిన్రు, నిజాం కాలంల తెలుగు పుస్తకానికి నిలబడ్డ జాగ అది. పిల్లలను ఒకసారి తీస్కపోయి చూపెట్టున్రి, పెద్ద బిల్డింగ్ అనుకొని పోకున్రి.

సెలవులకు గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి వచ్చే కుటుంబాలు చదివేసిన పిల్లల పుస్తకాలుంటే మన స్కూల్‌కు ఇయ్యున్రి, స్టాఫ్ రూమ్ పక్క అల్మారాల పెడుతున్నం, ప్రతి పుస్తకం మొదటి పేజీల పైన కుడి మూలకు ఇచ్చిన పిల్లల పేరు పెన్సిల్‌తోని రాస్తం. ఎండాకాలం సెలవులల్ల మంగళవారం, శుక్రవారం పొద్దున 9 నుంచి 11 దాకా అల్మారా తెరిచి ఉంటది, తాళంచెవి అటెండర్ అక్క దగ్గర ఉన్నది, నేను లేకున్నా అడిగి తీసుకోన్రి.

మీ హెడ్ మేడం