చిగుళ్ల వార్తకు క్యాన్సర్ శీర్షిక ఎందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారం. కిందటి వారం మీ ఆరోగ్యం పేజీలో చిగుళ్ల వ్యాధి వల్ల ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ వస్తుందని పెద్ద అక్షరాలతో ప్రచురించిన కథనం గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఈపాటికి వైద్యులెవరైనా స్పందిస్తారని, మీరు దానికి సవరణ వేస్తారని ఎదురుచూశాను. సవరణ రాలేదు సరికదా, ఆదివారం అనుబంధంలో అదే విషయాన్ని బొమ్మలతో సహా మళ్లీ వడ్డించారు. అందుచేత, వైద్యుణ్ణి కాకపోయినా, ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాడిగా నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

చిగుళ్లకూ ప్రోస్టేట్‌కూ ఏదైనా సంబంధం ఉందేమోనని పరిశోధకులు వెతకడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమేమీ కాదు. పళ్ల మీది పాచి గట్టిపడి గారగా మారితే, పంటికీ చిగురుకూ నడుమ సందు లోతై, అక్కడ చేరిన సూక్ష్మజీవులు ఏళ్ల తరబడి వాపును రగిలిస్తూ ఉంటాయి. నమిలినప్పుడు, పళ్లు తోముకున్నప్పుడు వాటిలో కొన్ని రక్తంలోకి చేరతాయి, వాపు వల్ల పుట్టే రసాయనాలు కూడా రక్తంతోపాటే ఒళ్లంతా తిరుగుతాయి. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, చిగుళ్ల వ్యాధితో పాటు రక్తంలో ప్రోస్టేట్ నుంచి వచ్చే ప్రొటీనైన పీఎస్‌ఏ ఎక్కువగా ఉన్న 27 మంది మగవాళ్లకు చిగుళ్ల చికిత్స చేసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే 21 మందిలో పీఎస్‌ఏ తగ్గింది. ఆసక్తికరమైన సంగతే. కానీ ఆ అధ్యయనం పరిశీలించింది ప్రోస్టేట్ వాపును, మూత్ర ఇబ్బందులను, పీఎస్‌ఏ మోతాదును. వారిలో ఎవరికి తర్వాత క్యాన్సర్ వచ్చింది, ఎవరికి రాలేదు అని ఏళ్ల తరబడి గమనించలేదు. పైగా 27 మంది అంటే మా బడిలో ఒక తరగతి గదికి కూడా సరిపోరు. దాన్ని పట్టుకుని గుంటూరు జిల్లాలోని మగవాళ్లందరికీ తీర్పు చెప్పడం ఏ పాత్రికేయ ప్రమాణమో మీరే సెలవివ్వాలి.

మీ విలేఖరికి ఇంతకన్నా పెద్ద అధ్యయనం కావాలంటే అదీ ఉంది. 2008లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన పరిశోధనలో అమెరికాలో వైద్యవృత్తులలో ఉన్న 48,375 మంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో మొత్తం మీద క్యాన్సర్ ముప్పు 14 శాతం ఎక్కువగా కనిపించింది. అందులో స్పష్టంగా బయటపడినవి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, క్లోమం, రక్తానికి సంబంధించిన క్యాన్సర్లు. ప్రోస్టేట్ ఆ వరుసలో లేదు. ఇంకా చెప్పుకోదగినది, ఎన్నడూ పొగ తాగనివారిని విడిగా తీసి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ చిగుళ్లకూ ఉన్నట్టు తోచిన సంబంధం కాస్తా మాయమైంది. అంటే అంతవరకు చిగుళ్ల తప్పుగా కనబడింది నిజానికి సిగరెట్టు చేసిన పని అయి ఉండాలి. రెండు జబ్బులు ఒకే మనిషిలో కనబడినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని పుట్టించినట్టు కాదని పదో తరగతి పిల్లవాడికి చెబితే అర్థమవుతుంది. వయసు మీరినవారికి పళ్లూ కదులుతాయి, ప్రోస్టేటూ పెరుగుతుంది. పొగాకు, మధుమేహం, పేదరికం ఈ రెంటి వెనకా నిలబడి ఉండవచ్చు. మీ కథనం చివరి పేరాలో ఎక్కడో చిన్న అక్షరాలతో ఇంకా పరిశోధనలు జరగాలి అని రాశారు, నిజమే. కానీ భూతద్దం పెట్టి చదివే మా వయసువాళ్లలో శీర్షిక దాటి అక్కడిదాకా వెళ్లేవారు ఎందరు?

ఇక ఈ శీర్షిక చేసిన పని చూడండి. ఎన్టీఆర్ స్టేడియంలో ఉదయం నడకకు వచ్చే మా తోటివారి మధ్య వారం రోజులుగా మరో ముచ్చట లేదు. బ్రష్ చేస్తే నెత్తురు కనబడిన ప్రతి పెద్దమనిషీ పళ్ల డాక్టరు దగ్గరకు కాకుండా పీఎస్‌ఏ పరీక్షకు ల్యాబులున్న కొత్తపేట దారి పడుతున్నాడు. రక్తపరీక్షల కేంద్రాలు కూడా అడగకముందే దాన్ని పెద్దల ప్యాకేజీలో కలిపి ఇస్తున్నాయి. పీఎస్‌ఏ అనేది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీను మాత్రమే. వయసుతో గ్రంథి పెరిగినా, వాచినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రానికి గొట్టం వేసినా రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. గ్రంథి పెరిగినందుకు వాడే ఫినాస్టరైడ్ మాత్ర వేసుకుంటే సుమారు సగానికి తగ్గి కనబడుతుంది. మా వీధిలోని ఒక పెద్దాయన మూత్రంలో మంటతో బాధపడుతూనే పరీక్ష చేయించుకుని, సాధారణంగా హద్దుగా చూసే 4 దాటిందని తెలియగానే కొడుకులకు ఫోన్లు చేసి అప్పగింతలు మొదలుపెట్టాడు. మంట తగ్గాక మళ్లీ చూపించుకోవచ్చని ఆయనకు చెప్పేవారు ఆ కేంద్రంలో ఎవరూ లేరు. అమెరికాలో నివారణ వైద్యంపై సలహాలిచ్చే నిపుణుల బృందం సైతం 2018లో, 55 నుంచి 69 ఏళ్ల మధ్యవారు ఈ పరీక్ష లాభనష్టాలను వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవాలని, 70 నిండినవారికి ముందస్తు పరీక్షగా ఇది వద్దని చెప్పింది. మూత్రం ధార సన్నబడినా, నెత్తురు పడినా, తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా యూరాలజిస్టును కలవాలి, అది వేరే మాట. ఆ లక్షణాలను సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పని మగవాళ్లు మన దగ్గర కోకొల్లలు. వారికి పనికొచ్చే ఆ నాలుగు వాక్యాలు మీ అరపేజీలో ఎక్కడా కనబడలేదు.

ఇంతకన్నా విడ్డూరం ఇంకొకటి. మొన్న ఉదయం మీ పత్రిక మడతలోంచే ఒక పళ్లపొడి కరపత్రం జారిపడింది. అందులో మీ కథనం శీర్షికను యథాతథంగా అచ్చువేసి, తమ పొడితో తోముకుంటే ప్రోస్టేట్ బాధలు దరిచేరవని రాసుకున్నారు. మందుల పేరుతో మాయమాటలు చెప్పే ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది. నయం చేస్తామని కానీ నివారిస్తామని కానీ ప్రకటించకూడని జబ్బుల జాబితాలో క్యాన్సర్ ఉంది, ప్రోస్టేట్ గ్రంథి వ్యాధులు కూడా ఉన్నాయి. ఆ కరపత్రాన్ని పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే, పళ్లపొడి మందు కిందికి రాదు, వేరే కార్యాలయంలో అడగమన్నారు. అక్కడివారు, ఆయుర్వేదమని రాసి ఉంది కాబట్టి మూడోచోటికి వెళ్లమన్నారు. మూడోచోట సంబంధిత అధికారి సమావేశంలో ఉన్నారు, బహుశా ప్రజారోగ్యం గురించే కావచ్చు. డెబ్బై ఏళ్లు దాటిన చట్టాన్ని ఎవరు అమలు చేయాలో తెలియని యంత్రాంగానికి మన పన్నులతో జీతాలు ఇస్తున్నాం.

చిగుళ్లను నిజంగా నాశనం చేసేదేమిటో గుంటూరువాళ్లకు పరాయివాళ్లు చెప్పనక్కరలేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది. పొగ తాగేవారి చిగుళ్లలో నెత్తురు కారడం తగ్గిపోయి, లోపల ఎముక కరిగిపోతున్నా పైకి బాగానే ఉన్నట్టు కనబడుతుందని, అందువల్ల పళ్లు కదిలేదాకా వారికి జబ్బు సంగతే తెలియదని దంతవైద్యులు మొత్తుకుంటున్నారు. మన దేశంలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటి క్యాన్సర్. దానికీ పొగాకుకూ ఉన్న సంబంధం ఊహ కాదు, ఎన్నో ఏళ్ల క్రితమే తేలిన సత్యం. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది, ఆహార పదార్థాలలో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. బ్రాడీపేటలో ఏ కోచింగ్ సెంటరు ఎదుట నిలబడి చూసినా ఈ రెండు శాసనాలూ గుట్కా పొట్లాల రూపంలో బడ్డీకొట్టు ముందు దండల్లా వేలాడుతూ కనబడతాయి. తనిఖీ వస్తుందని తెలిసిన పూట మాత్రం ఆ దండలు అటక ఎక్కుతాయి. అంతదాకా ఎందుకు, మీ ఆరోగ్యం పేజీ వచ్చిన రోజే ఆఖరి పేజీ నిండా ఒక సినీతార యాలకులు నములుతూ నవ్వింది. ఆ యాలకుల పొట్లం మీది పేరుతోనే బజారులో ఇంకేమి అమ్ముతారో మీ ప్రకటనల విభాగానికి తెలియదని నేను అనుకోను.

చిగుళ్ల వ్యాధికి గట్టిగా తేలిన బంధుత్వం ఒకటుంది, అది మధుమేహంతో. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగరు అదుపు తప్పుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో, సుమారు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం తగ్గుతున్నట్టు, అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 2022లో తేల్చారు. ఇంటికొక షుగరు రోగి ఉన్న మన పట్టణాలకు ఇంతకంటే పనికొచ్చే వార్త ఏముంటుంది? దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. క్యాన్సర్ అన్న మాటకు ఉన్న గిరాకీ షుగరుకు లేదు కాబోలు.

పోనీ మీ వార్త చదివి బుద్ధి తెచ్చుకుని పళ్లు బాగుచేయించుకుందామనుకున్న బీదవాడు ఎక్కడికి వెళ్లాలి? గార తీయించుకోవడానికి విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలకు బస్సెక్కి పోవాలంటే ఒకరోజు కూలి పోతుంది. పల్లెల్లో చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పళ్ల కుర్చీయే ఉండదు. బడుల్లో జరిగే దంత పరీక్షలను నేను సర్వీసులో ఉండగానే చాలాసార్లు చూశాను. పిల్లలను వరుసగా నిలబెట్టి, టార్చిలైటు వేసి, నోళ్లు తెరిపించి, బ్యానరు కనబడేటట్టు ఫొటో దిగి, ఒక్కొక్కరికి ఒక పేస్టు ట్యూబు చేతిలో పెట్టి వెళ్లేవారు. ఏ పిల్లవాడి పన్ను పుచ్చిందో రాసిన కాగితం మాత్రం తల్లిదండ్రులకు చేరేది కాదు. ఆ ఫొటోలు మర్నాడు మీ జిల్లా ఎడిషన్‌లో వచ్చేవి.

ఇప్పుడు మీరు చేయగలిగినది పెద్ద పనేమీ కాదు. ఒక యూరాలజిస్టు చేత, ఒక చిగుళ్ల వైద్య నిపుణుడి చేత ఈ విషయం మీద చెరొక వ్యాసం రాయించండి. సంబంధం ఉండవచ్చన్న అనుమానం ఎంతవరకు వచ్చి ఆగిందో, రోగి ఏం చేయాలో, ఏం చేయనక్కరలేదో వారినే చెప్పనివ్వండి. మీ శీర్షికను వాడుకుంటున్న పళ్లపొడివారికి కనీసం ఒక నోటీసు పంపండి, అలాంటి కరపత్రాలను పత్రిక మడతల్లో పెట్టవద్దని మీ ఏజెంట్లకు చెప్పండి. సవరణ వేసేటట్లయితే మాత్రం దయచేసి వరుడు కావలెను, ఇల్లు అమ్మబడును అనే ప్రకటనల నడుమ కాకుండా, ఆ కథనం వచ్చిన పేజీలోనే, ఆ శీర్షికకు వాడిన అక్షరాల సైజులోనే వేయండి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు